దూరంగా ఉండే తండ్రి పిల్లల జీవితంలో నిజంగా ఎలా ఉండగలడు?

ప్రశ్న — రెండు ఊళ్ళ నాన్న

నా ఉద్యోగం ఒక ఊళ్ళో, నా కుటుంబం మరో ఊళ్ళో. నా భార్య తన ఉద్యోగం వదులుకోలేదు, అప్పు తీరేదాకా నేను నాది మార్చుకోలేను. అన్ని విధాలా లెక్క వేసుకున్నాక, ఇంకొంతకాలం ఇలాగే నడవక తప్పదని ఇద్దరమూ కలిసే అనుకున్నాం. నెలకు రెండు మూడు సార్లు ఇంటికి వెళ్తాను. అమ్మాయికి ఏడేళ్ళు, అబ్బాయికి పద్నాలుగు నెలలు.

రోజూ రాత్రి వీడియో కాల్ చేస్తాను. "ఈరోజు బడి ఎలా జరిగింది?" అంటే "బాగుంది" అంటుంది. "తిన్నావా?" అంటే "ఆఁ" అంటుంది. "హోంవర్కు చేశావా?" అంటే తల ఊపుతుంది. కొద్ది నిమిషాల్లోనే ఇద్దరికీ మాటలు అయిపోతాయి, ఫోను వాళ్ళమ్మ చేతికి వెళ్ళిపోతుంది. పోయినసారి ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మాయి నవ్వితే కింది పన్ను ఒకటి కనిపించలేదు. ఎప్పుడు ఊడిందని అడిగితే, "అది ఎప్పుడో ఊడిపోయింది నాన్నా" అని, ఇప్పుడా అడగడం అన్నట్టు ఒక చూపు చూసి ఆటలోకి వెళ్ళిపోయింది. ఆ ముఖాన్ని నేను ప్రతి రాత్రీ తెర మీద చూస్తూనే ఉన్నాను, అయినా నాకు తెలియలేదు. అబ్బాయి సంగతి మరోలా ఉంది. నేను గుమ్మంలో కనిపించగానే తల్లి భుజంలో ముఖం దాచుకుంటాడు, ఎత్తుకోబోతే ఏడుస్తాడు, మర్నాడు సాయంత్రానికి గానీ దగ్గరకు రాడు. అప్పటికి నా ప్రయాణం వేళ అవుతుంది.

"పిల్లల కోసమే కదా ఇంత కష్టపడుతున్నావు, పెద్దయ్యాక వాళ్ళకే అర్థమవుతుందిలే" అని తెలిసినవాళ్ళంతా అంటారు. పెద్దయ్యాక వాళ్ళు నన్ను అర్థం చేసుకుంటారో లేదో తర్వాతి సంగతి. ఇప్పుడు, ఈ ఏడేళ్ళ వయసులో, ఆ పిల్ల మనసులో ఏం తిరుగుతోందో నాకు తెలియాలి.

నాకు ఓదార్పు అక్కర్లేదు. ఉద్యోగం మానేయమనే సలహా ప్రస్తుతానికి కుదరదు. దూరంగా ఉండో, విడిపోయో, ఆరోగ్యం సహకరించకో, మరే ఇబ్బందిలోనైనా ఉండో, పిల్లల పెంపకంలో తమ వంతు బరువు తాము మోసినవారు ఏం చేశారో, ఏది పనికివచ్చిందో, పైకి బాగా కనిపించి కూడా ఏది పనికిరాలేదో చెప్పగలరా?

సమాధానం — ఓడ మీది ఇంజనీరు

నేను సరుకు రవాణా ఓడలో పనిచేస్తాను. ఒకసారి ఎక్కానంటే నెలల తరబడి ఇంటి ముఖం చూడను, నడిసముద్రంలో నెట్ ఎప్పుడు అందుతుందో ఎప్పుడు పోతుందో చెప్పలేం. కాబట్టి మీకున్న రోజువారీ వీడియో కాల్ నా దృష్టిలో పెద్ద ఆస్తే. దాన్ని వాడే పద్ధతి గురించి మాత్రం కొంత చెప్పగలను.

ఏడేళ్ళ పిల్లను "బడి ఎలా జరిగింది" అని అడగడమంటే, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తన చుట్టూ జరిగిన గందరగోళమంతా ఒక్క మాటలోకి కుదించి చెప్పమనడమే. "బాగుంది" అనకపోతే పాపం ఇంకేం చెబుతుంది? నా దగ్గర ఒక చిన్న నోటు పుస్తకం ఉంది. మా అబ్బాయి తరగతిలో ఎవరి పక్కన కూర్చుంటున్నాడు, ప్రస్తుతం ఎవరితో మాటల్లేవు, ఏ లెక్కల దగ్గర ఆగిపోతున్నాడు, చెప్పుల సైజు ఎంత, కళ్ళ డాక్టరు దగ్గరికి మళ్ళీ ఎప్పుడు వెళ్ళాలి, రాత్రి ఏ కలకు భయపడి లేచాడు, ఇలాంటివన్నీ అందులో రాసుకుంటాను. వాడు చెప్పేది కొంత, మిగతాదంతా మా ఆవిడ పంపే సందేశాల్లోంచి ఏరుకున్నది. ఫోను కలవగానే ఆ పుస్తకం ముందు పెట్టుకుని, "ఇంతకీ ఆ రబ్బరు ఎవరిదో తేలిందా?" అంటాను. ఇక వాడు ఆగడు. రబ్బరు ఎవరు తీశారు, టీచరు ఎవరిని నిలబెట్టారు, అసలు దొంగ ఎవరని వాడి అనుమానం, అన్నీ వరసగా వస్తాయి, వాటి మధ్యలో నేను అడిగినా చెప్పని సంగతులు రెండు మూడు వాటంతట అవే దొర్లిపోతాయి.

కన్నకొడుకు విషయాలు రాసుకుని మరీ అడగడం కృత్రిమం కాదా అని ఓడలో ఒకరు నవ్వారు. యంత్రాల ఉష్ణోగ్రతలు పూటపూటా రాసుకునేవాళ్ళం, కొడుకు సంగతులు రాసుకుంటే అది కృత్రిమం ఎందుకవుతుందో నాకు బోధపడలేదు.

రెండో విషయం, ఇద్దరూ కలిసి చేసే పని ఒకటి ఉండాలి. మేం సందేశాల మీద చదరంగం ఆడతాం. సిగ్నల్ ఉన్నప్పుడు ఒక ఎత్తు వెళ్తుంది, మళ్ళీ సిగ్నల్ వచ్చినప్పుడు జవాబు వస్తుంది, ఒక్కో ఆట వారాలు పడుతుంది. ఒకసారి నా గుర్రాన్ని ఇరకాటంలో పెట్టి, "నాన్నా, ఇది బాగా ఆలోచించి వెయ్యి, తొందరేం లేదు" అని రాశాడు. ఆ మాట చదరంగం నేర్పేటప్పుడు నేను వాడితో అన్నదే. చదరంగమే కానక్కర్లేదు, ఇద్దరూ ఒకే కథల పుస్తకం చెరో ప్రతి కొనుక్కుని రోజుకు రెండు పేజీలు చదువుకున్నా సరిపోతుంది. మాట్లాడడానికి ఒక మూడో వస్తువు ఉంటే, ఒకరినొకరు ప్రశ్నలు అడుక్కోవలసిన అవస్థ తప్పుతుంది.

దూరపు తండ్రి అనగానే అందరూ నెహ్రూను చెబుతారు. 1928లో పదేళ్ళ కూతురికి ఉత్తరాలు రాశారు, 1930 నుంచి 1933 దాకా జైళ్ళలోంచి ప్రపంచ చరిత్ర మొత్తాన్నీ ఉత్తరాలుగానే రాశారు. గొప్ప పనే, అందులో సందేహం లేదు. అయితే మనబోటివాళ్ళం నేర్చుకోవలసింది ఆ పట్టుదలను మాత్రమే అని నా అభిప్రాయం. ఉత్తరం నిండా తండ్రికి తెలిసిందే ఉంటే, పిల్లలు తమకు తెలిసింది చెప్పుకోవడానికి చోటు మిగలదు.

ఇక ఇంటికి వెళ్ళడం. నన్నడిగితే దూరంగా ఉండడం కంటే ఇదే కష్టం. మనం లేనంత మాత్రాన ఇల్లు ఆగిపోదు. నిద్ర వేళలు, టీవీ నియమాలు, ఎవరు ఎక్కడ కూర్చోవాలన్నది, అంతా మనం లేకుండా కుదురుకుని ఉంటుంది. వెళ్ళీ వెళ్ళగానే అతిథిలా మర్యాదలు అందుకుంటూ కూర్చున్నా, ఇన్‌స్పెక్టరులా తనిఖీ మొదలుపెట్టినా పిల్లలు బిగుసుకుపోతారు. మొదటి రోజు నేను ఏ నియమమూ మార్చను, ఉన్న నియమాలేవో వాళ్ళనే అడిగి తెలుసుకుంటాను. తెచ్చిన సామాన్ల పెట్టె కూడా మర్నాడే తెరుస్తాను.

సమాధానం — పిల్లల వికాస కేంద్రంలో పనిచేస్తున్నాను

ముందు మీ అబ్బాయి గురించి చెప్తాను, ఎందుకంటే అక్కడ మీరు పడుతున్న బాధలో సగం అనవసరమైనది. సుమారు ఎనిమిది నెలల వయసు నుంచి ఏడాదిన్నర దాకా, రోజూ తన వెంట ఉండే మనిషిని వదలకపోవడం, అప్పుడప్పుడు కనిపించేవారిని చూసి బెదరడం చాలామంది పిల్లల్లో కనిపిస్తుంది. ఎదుగుదలలో అదొక దశ, పిల్లవాడు మిమ్మల్ని కాదంటున్నాడని దాని అర్థం కాదు. స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో 60 మంది శిశువులను గమనించి రుడాల్ఫ్ షాఫర్, పెగ్గీ ఎమర్సన్ 1964లో ప్రచురించిన అధ్యయనంలో, ఏడాదిన్నర వయసు వచ్చేసరికి నాలుగింట మూడు వంతుల మంది పిల్లలు తండ్రితో కూడా అనుబంధం ఏర్పరచుకున్నారు. ఎక్కువ గంటలు పక్కన ఉన్నవారితో కంటే, తమ ఏడుపుకీ నవ్వుకీ వెంటనే స్పందించినవారితో పిల్లలు గట్టిగా ముడిపడ్డారని కూడా వారు గమనించారు.

గుమ్మంలో మీరు చేయవలసింది సులువు, కాకపోతే ఓపిక కావాలి. చేతులు చాచి ఎత్తుకోబోకండి. లోపలికి వచ్చి, వాడికి కాస్త దూరంలో నేల మీద కూర్చుని, మీ భార్యతో మామూలుగా నవ్వుతూ మాట్లాడండి. ఆ వయసు పిల్లలు కొత్త మనిషిని నమ్మవచ్చా లేదా అన్నది తల్లి ముఖం చూసే తేల్చుకుంటారు. వాడు ఏదో బొమ్మ తెచ్చి మీ ఒళ్ళో పడేసేదాకా ఆగండి. ఒకసారి దగ్గరయ్యాక మాత్రం ఆడించడంతో సరిపెట్టకండి. స్నానం చేయించడం, డైపరు మార్చడం, నిద్రపుచ్చడం, రాత్రి లేస్తే చూసుకోవడం, ఇవన్నీ ఉన్న రెండు రోజులూ మీ చేతి మీదుగానే జరగాలి. ఈ పనులు పిల్లలనే కాదు, తండ్రి ఒంటిని కూడా మారుస్తాయి. ఫిలిప్పీన్స్‌లో 624 మంది యువకులను కొన్నేళ్ళ పాటు గమనించి 2011లో ప్రచురించిన పరిశోధనలో, తండ్రులైనవారికి టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోను స్థాయి గణనీయంగా తగ్గింది, రోజుకు మూడు గంటలు గానీ అంతకు మించి గానీ పిల్లల పనులు చూసేవారిలో అది మరీ తక్కువగా ఉంది. పెంపకం ఆడవాళ్ళకు మాత్రమే ఒంట బట్టే విద్య అనుకునేవారికి నేను ఈ సంగతి తప్పకుండా చెబుతుంటాను.

వీడియో కాల్ చిన్నపిల్లలకు పనికిరాదని కొందరు మీకు చెప్పి ఉండవచ్చు. ఏడాదిన్నర లోపు పిల్లలకు తెరలు వద్దని చెప్పే అమెరికా పిల్లల వైద్యుల సంఘం కూడా వీడియో కాల్స్‌ను ఆ నిషేధం నుంచి మినహాయించింది. రెండేళ్ళు, రెండున్నరేళ్ళ పిల్లలకు కొత్త మాటలు నేర్పి చూసిన 2014 నాటి ఒక ప్రయోగంలో, ఎదురుగా కూర్చుని నేర్పినప్పుడూ, వీడియో కాల్‌లో నేర్పినప్పుడూ పిల్లలు నేర్చుకున్నారు, ముందే రికార్డు చేసిన వీడియో చూపినప్పుడు నేర్చుకోలేదు. తేడా తెరలో లేదు, తమ చేష్టకు అవతలి మనిషి ఆ క్షణాన్నే బదులివ్వడంలో ఉంది. కాబట్టి ఫోనును బాబు ముఖం ముందు పట్టుకోవడం మాని, వాడు నేల మీద ఆడుకుంటున్నప్పుడు ఒక పక్కన నిలబెట్టించండి. వాడు డబ్బా కొడితే మీరూ బల్ల మీద దరువు వేయండి. వాడు తెర వైపు చూడకపోయినా ఫరవాలేదు, వింటూనే ఉంటాడు.

అమ్మాయి విషయంలో ఒక చిన్న మాట చేర్చుతాను. "ఇంకో పదిహేను రోజుల్లో వస్తాను" అన్నది చిన్నపిల్లలకు సరిగా అందే లెక్క కాదు. గోడ క్యాలెండరు మీద మీరు వచ్చే రోజును ఆమె చేతే గుర్తు పెట్టించి, రోజుకో గడి కొట్టేయమనండి. ఆ తేదీ మారితే ఆ కబురు అమ్మతో చెప్పించకుండా మీరే ఫోను చేసి చెప్పండి.

చివరగా, మా రంగంలో తండ్రుల గురించి మాట్లాడేటప్పుడు పనికొచ్చే ఒక విభజన ఉంది. మైకేల్ లాంబ్, జోసెఫ్ ప్లెక్ మొదలైనవారు 1980లలో తండ్రి పాత్రను మూడుగా విడదీశారు: పిల్లలతో నేరుగా గడపడం, పిలిస్తే పలికేంత అందుబాటులో ఉండడం, పిల్లలకు ఏం కావాలో ముందే ఆలోచించి ఏర్పాటు చేసే బాధ్యత మోయడం. మొదటి రెండింటికీ దూరం అడ్డు వస్తుంది. మూడోదానికి ఏ అడ్డూ లేదు. చిత్రమేమిటంటే, ఒకే ఇంట్లో ఉండే తండ్రులు కూడా ఎక్కువగా వదిలేసేది ఆ మూడోదాన్నే.

సమాధానం — ఎదిగిన కూతురు

పై రెండు సమాధానాల్లో నేను కాదనేది ఏమీ లేదు. అయితే ఫోనుకు అవతలి వైపు కూర్చుని పెరిగిన మనిషిగా ఒక మాట చెప్పాలి, కటువుగా ఉంటే మన్నించండి.

మా నాన్నగారు నా చిన్నతనంలో చాలాకాలం వేరే ఊళ్ళో పనిచేశారు. ప్రేమకు లోటు చేయలేదు, ఫోను చేస్తానన్న వేళకు చేయకుండా ఉండలేదు. అయినా "ఎంతసేపు ఉన్నామన్నది కాదు, ఎలా ఉన్నామన్నదే ముఖ్యం" అనే మాట విన్నప్పుడల్లా, పెద్దవాళ్ళు తమ మనశ్శాంతి కోసం కల్పించుకున్న మాటేమో అనిపిస్తుంది నాకు. పిల్లలు ముఖ్యమైన సంగతులు వేళ పెట్టుకుని చెప్పరు. బట్టలు మడతపెడుతున్నప్పుడో, బండి వెనక కూర్చుని వెళ్తున్నప్పుడో, ఎదుటి మనిషి కళ్ళు తమ మీద లేనప్పుడు, "మా క్లాసులో ఒకమ్మాయి ఉంది కదా" అని మొదలుపెడతారు. ఆ మాట బయటికి రావడానికి ముందు ఊరకే గడిచిపోయిన సమయం చాలా ఉండాలి. వచ్చిన రెండు రోజులనూ సినిమాలతో, షికార్లతో, బంధువుల ఇళ్ళతో నింపేస్తే ఆ ఖాళీ ఎక్కడి నుంచి వస్తుంది?

మరో సంగతి. నాన్న వచ్చాడంటే మా ఇంట్లో పండగ. పండగ పూట అలగకూడదు కదా. ఆ రెండు రోజులూ నేను బుద్ధిమంతురాలిగా ఉండి, విసుగూ మొండితనమూ కోపమూ అన్నీ అమ్మ కోసం దాచిపెట్టుకునేదాన్ని. నాన్నకు నేను ఎప్పటికీ ముద్దొచ్చే పిల్లగానే తెలుసు, అమ్మకు మాత్రమే నేను పూర్తిగా తెలుసు. మీ అమ్మాయి మీ ముందు తలుపు దభాలున వేసిన రోజున సంతోషించండి. ఈసారి ఇంటికి వెళ్ళినప్పుడు ఎక్కడికీ తీసుకెళ్ళకండి. ఇంట్లో పాడైపోయిన కుళాయి ఏదో విప్పుకుని కూర్చోండి, ఆమె వచ్చి స్పానరు అందిస్తుందేమో చూడండి.

మీరు "ఇంకొంతకాలం" అని రాశారు. ఆ మాటకు ఒక తేదీ పెట్టుకోండి, ఆ తేదీన మీరిద్దరూ కూర్చుని మళ్ళీ లెక్క చూసుకోండి. తేదీ లేని "కొంతకాలం" మా ఇంట్లో నా పదో తరగతి దాకా సాగింది.

సమాధానం — వారాంతాల్లో తండ్రి

నేను, నా పిల్లల తల్లి విడిపోయాం. పిల్లలు ఆవిడ దగ్గర ఉంటారు, వారాంతాల్లో నా దగ్గరికి వస్తారు. మీ పరిస్థితి వేరే అయినా, మీరు ప్రశ్నను అందరికీ వర్తించేలా అడిగారు కాబట్టి, నాలాంటివారు కూడా ఇది చదువుతారు కాబట్టి రాస్తున్నాను.

1989 నవంబరు 20న ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలో తొమ్మిదో అధికరణం ఒకటుంది. తల్లిదండ్రుల్లో ఒకరికి దూరంగా ఉంటున్న బిడ్డకు, తన శ్రేయస్సుకు విరుద్ధం కానంతవరకు, ఇద్దరితోనూ క్రమం తప్పకుండా నేరుగా కలుసుకుంటూ ఉండే హక్కు ఉందని అది చెబుతుంది. గమనించండి, అక్కడ ఆ హక్కు బిడ్డది. విడిపోయిన తగవులో మగవాళ్ళం "నా పిల్లలను చూసే హక్కు నాకుంది" అని గొంతు పెంచుతుంటాం. వారంలో ఆ రోజు, ఆ వేళకు నాన్న వస్తాడని నమ్ముకునే హక్కు పిల్లలదని తలుచుకున్నప్పటి నుంచి నా నడవడి చాలావరకు దానంతట అదే సర్దుకుంది. పది గంటలకు వస్తానంటే పది గంటలకే గేటు ముందు ఉంటాను. డబ్బు పంపడానికీ పిల్లలను చూడనివ్వడానికీ ముడిపెట్టను, అటు వైపు నుంచి ఎవరు ముడిపెట్టినా సరే.

అవతలి ఇంట్లో ఏం జరుగుతోందని పిల్లలను అడగను. "అమ్మతో ఈ మాట చెప్పు" అని కబుర్లు మోయించను. తల్లిదండ్రులు విడిపోవడం కంటే, విడిపోయాక కూడా తమను మధ్యలో పెట్టుకుని సాగించే గొడవ పిల్లలను ఎక్కువగా దెబ్బతీస్తుందని ఈ విషయం మీద పనిచేసినవారు ఎప్పటినుంచో చెబుతున్నారు. నా పిల్లల ముఖాల్లో నేను చూసింది కూడా అదే.

నా అద్దె ఇంట్లో వాళ్ళకంటూ ఒక అర ఉంది. అందులో టూత్‌బ్రష్‌లు, రాత్రి వేసుకునే బట్టలు, సగం రంగులు వేసిన బొమ్మల పుస్తకాలు ఉంటాయి. ప్రతిసారీ సంచి సర్దుకుని రావలసి వస్తే అది చుట్టపుచూపే అవుతుంది. అక్కడ వాళ్ళకు పనులూ ఉంటాయి, తిట్లూ ఉంటాయి. ఎదిగిన కూతురు గారు రాసింది చదివాక అది సరైన పనేనని ధైర్యం వచ్చింది.

హింస, తాగుడు, పిల్లల భద్రతకు ముప్పు ఉన్నచోట ఈ లెక్కలన్నీ వేరు. అలాంటి ఇళ్ళలో తండ్రి ముందు చేయవలసింది తనను తాను బాగు చేసుకోవడమే.

సమాధానం — మంచం మీది నుంచి

నేను రోజంతా ఇంట్లోనే ఉంటాను. కిడ్నీలు పాడయ్యాయి, వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగేసి గంటలు డయాలసిస్ మీద ఉంటాను, వచ్చాక ఆ పూటంతా ఒళ్ళు లేవదు. ఉద్యోగం కూడా పోయింది. ఇంట్లో ఉన్నంత మాత్రాన తండ్రిగా ఉన్నట్టు కాదని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

అమెరికాలో 1930ల ఆర్థిక మాంద్యంలో పెరిగిన పిల్లల మీద గ్లెన్ ఎల్డర్ అనే సామాజిక శాస్త్రవేత్త 1974లో ఒక అధ్యయనం వెలువరించారు. ఓక్లండ్‌లో 1920, 1921 సంవత్సరాల్లో పుట్టిన పిల్లల జీవితాలను గమనించిన వివరాలవి. ఆ విషయం మీద ఆయన, ఆయన సహచరులు తర్వాత చేసిన పరిశోధనల్లో తేలిందేమిటంటే, రాబడి పడిపోవడం వల్ల పిల్లలకు కలిగిన చేటులో చాలా భాగం డబ్బు దారిన కాకుండా తండ్రి చిరాకు దారిన, నిలకడలేని శిక్షల దారిన వచ్చింది. ఉద్యోగం పోయిన మగవాడిగా ఆ వాక్యం చదివినప్పుడు నాకు భయమూ వేసింది, ధైర్యమూ వచ్చింది. డబ్బు నా చేతిలో లేదు, చిరాకు కొంతైనా నా చేతిలో ఉంది.

డయాలసిస్ రోజున పిల్లలకు ముందే చెప్పేస్తాను: "ఈ పూట నాన్నకు ఓపిక ఉండదు, కోపం వస్తే అది మీ మీద కాదు." నాలుగు నుంచి ఏడేళ్ళ మధ్య పిల్లలు పెద్దవాళ్ళ జబ్బుకు తామే కారణమని తమలో తాము అనుకుంటారని మా డాక్టరుగారు హెచ్చరించారు, అందుకే జబ్బు పేరు, అది ఎందుకు వస్తుందో, వాళ్ళ అల్లరికీ దానికీ ఏ సంబంధమూ లేదన్న సంగతీ విడమరిచి చెప్పాను. లేవగలిగిన రోజుల్లో బడి సంచి సర్దడం, పుస్తకాలకు అట్టలు వేయడం నా పని. లేవలేని రోజుల్లో వాళ్ళు మంచం అంచున కూర్చుని పాఠం చదువుతారు, నేను కళ్ళు మూసుకుని వింటాను. తప్పు చదివితే కళ్ళు తెరుస్తాను, అది వాళ్ళకొక ఆట.

ఒక విషయం తండ్రులు బయటికి చెప్పుకోరు. బిడ్డ కడుపులో ఉన్నప్పటి నుంచి ఏడాది నిండేదాకా తండ్రుల్లో కూడా సుమారు పది శాతం మందిలో కుంగుబాటు కనిపిస్తుందని 2010లో అనేక అధ్యయనాలను కలిపి చూసిన పరిశీలన ఒకటి తేల్చింది. పద్నాలుగు నెలల బిడ్డ తండ్రి మీరు. నిద్ర పట్టకపోవడం, దేని మీదా ఆసక్తి లేకపోవడం వారాల తరబడి ఉంటే డాక్టరుకు చూపించుకోండి.

రెండు ఊళ్ళ నాన్న తిరిగి రాస్తున్నారు

అందరికీ ధన్యవాదాలు. ఎదిగిన కూతురు గారూ, మీ మాట కటువుగానే ఉంది, అదే ఎక్కువ పనికివచ్చింది. వచ్చే విద్యా సంవత్సరం మొదలయ్యేలోపు ఈ ఏర్పాటును మళ్ళీ తిరగదోడాలని నేనూ మా ఆవిడా ఒక తేదీ రాసుకున్నాం.

ముందే ఆలోచించి ఏర్పాటు చేసే బాధ్యత అనే ఆ మూడో వాటా సంగతి చదివాక, ఇంటి విషయాల్లో దూరం నుంచి ఏమేం చేయగలనని ఇద్దరం కూర్చుని చూశాం. బడి వాట్సాప్ గ్రూపు, బస్సు డ్రైవరుతో మాట్లాడడం, టీకాల కార్డు, పంటి డాక్టరు అపాయింట్‌మెంటు, బడిలో తెమ్మన్న అట్టముక్కలూ రంగు కాగితాలూ ముందురోజే ఆర్డరు పెట్టడం, ఇవన్నీ ఇన్నాళ్ళూ ఆవిడ ఒక్కతే తలలో పెట్టుకుని మోస్తోంది. వీటిలో దేనికీ నేను ఆ ఊళ్ళో ఉండవలసిన అవసరం లేదు. నేను తీసుకుంటానంటే ఆవిడ వెంటనే సంతోషించలేదు. "నువ్వు మరచిపోతే మళ్ళీ నేనే పరుగెత్తాలి, ఆ కంగారు కంటే నేనే చూసుకోవడం నయం" అంది. న్యాయమైన అనుమానమే. ప్రస్తుతానికి టీకాలు, పంటి డాక్టరు, బడి గ్రూపు నావి. పంటి డాక్టరుతో మాట్లాడాకే తెలిసింది, ఆ ఊడిన పన్ను పక్కది కూడా కదులుతోందట. ఆ రాత్రి అమ్మాయికి ఫోను చేసి, "రెండోది ఎంతవరకు వచ్చింది?" అంటే, ఫోను నోటి దగ్గర పెట్టుకుని నాలుకతో కదిపి చూపించింది.

ఇంకొక్క సందేహం మిగిలింది. వారంలో ఒకటి రెండు రోజులు అసలు ఫోను దగ్గరికే రానంటుంది. వాళ్ళమ్మ బలవంతంగా తెచ్చి కూర్చోబెడితే ముఖం ముడుచుకుంటుంది. పట్టుబట్టాలా, వదిలేయాలా?

సమాధానం — ఎదిగిన కూతురు

వదిలేయండి. బలవంతంగా కూర్చోబెట్టిన ఫోను పిల్లలకు హోంవర్కుతో సమానం. "నిన్న ఎందుకు రాలేదు?" అని మర్నాడు కూడా అడగకండి, వాళ్ళమ్మను కూడా అడగవద్దని చెప్పండి. మీరు మాత్రం అదే వేళకు చేయడం మానకండి. రానన్న రోజున అబ్బాయితో దరువు వేసుకుంటూ ఫోను తెరిచే ఉంచండి.

సమాధానం — ఓడ మీది ఇంజనీరు

నేనూ అదే చెబుతాను. రానన్న రోజున మా వాడికి ఒక పొడుపు కథ గొంతు సందేశంగా పంపి, విప్పమని కూడా అడగకుండా ఊరుకుంటాను. జవాబు ఒక్కోసారి మూడో రోజుకు వస్తుంది, ఒక్కోసారి రాదు. మీ అమ్మాయికి పొడుపు కథలు నచ్చకపోతే పన్ను ఫొటో అడిగి చూడండి.